ఖాళీగా ఉంచిన ర్యాక్

"అది మీకు అమ్మను," అన్నాడు కంప్యూటర్ షాపతను.

బల్ల మీద మూడు రకాల ర్యాకులు ముందేసుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తింది. వీడియో ఎడిటింగ్ ఆమె పని. హార్డ్ డ్రైవ్ మార్చిన ప్రతిసారీ డెస్క్‌టాప్ డబ్బా విప్పడం, స్క్రూలు బిగించడంతో విసిగిపోయి, ముందు నుంచే డ్రైవ్‌ని లాగి తోసేసే ర్యాక్ కోసం వచ్చింది.

"నేను కొంటానంటుంటే అమ్మనంటారేంటండీ?"

"మీ డ్రైవ్ రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది?"

"పన్నెండు."

"ఈ ప్లాస్టిక్ దాంట్లో పన్నెండు గంటలంటే డ్రైవ్‌కి ఆవిరి పట్టినట్టే."

"పోనీ ఇది. ట్రే కూడా అక్కర్లేదు, డ్రైవ్‌ని నేరుగా తోసేయడమే."

"రోజుకి ఎన్నిసార్లు మారుస్తారు?"

"ఐదారు సార్లు. మీరు షాపతనా, డాక్టరా?"

"అన్నిసార్లు తోస్తే డ్రైవ్ పిన్నులు అరుగుతాయి. ఈ అల్యూమినియంది తీసుకోండి. డ్రైవ్‌ని ట్రేలో బిగించి ట్రేనే తోస్తారు కాబట్టి, అరిగితే ట్రే అరుగుతుంది. వెనక ఫ్యాన్ ఉంది. తాళం తిప్పితేగానీ కరెంటు రాదు. ఒక్కటే చిక్కు, ఈ ట్రే ఈ మోడల్ ర్యాక్‌లో తప్ప ఇంకెక్కడా పట్టదు."

"అమ్మేవాళ్లలాగే మొండిదన్నమాట."

అతను నవ్వలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అది ఆమె చూసింది. షాపులో ఉన్న ఆ ఆఖరి ర్యాక్‌ని మూడు ట్రేలతో సహా పట్టుకుపోయింది.

ఆ తర్వాత రెండు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి స్క్రూ పోయిందని, ఒకసారి ఫ్యాన్ గోల చేస్తోందని. మిగతా రెండుసార్లూ ఎందుకొచ్చిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ప్రతిసారీ అతను ఫ్యాన్ల గురించే మాట్లాడి పంపించాడు.

ఐదోసారి వానలో పరుగెత్తుకొచ్చింది. డ్రైవ్‌తో సహా ట్రే చున్నీలో చుట్టి ఉంది.

"నా కంప్యూటర్ ఆన్ అవట్లేదు. నాలుగింటికి మా అమ్మ రిటైర్మెంట్ మీటింగ్. ముప్పై ఏళ్లు టీచర్‌గా చేసింది. తన దగ్గర చదువుకున్నవాళ్లందరితో మాట్లాడించి సినిమా తీశాను. ఇందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు."

"కాపీ తీసుకోలేదా?"

"తర్వాత తిట్టండి. మూడుంబావు అయింది."

అతను స్క్రూడ్రైవర్ వెతకలేదు. లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ అతని సొంత కంప్యూటర్, దాని ముందు భాగంలో అచ్చం ఆమె కొన్నదానిలాంటి ర్యాక్. గబగబా ట్రే తోసింది. దీపం వెలగలేదు.

"పోయింది. డ్రైవ్ పోయింది."

"తాళం తిప్పలేదు మీరు."

"తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది."

"ఈ మోడల్‌కి అన్ని తాళంచెవులూ ఒకటే." జేబులోంచి బండి తాళాల గుత్తి తీశాడు. అందులో ఉంది ఆ చిన్న తాళంచెవి. తిప్పగానే ఆకుపచ్చ దీపం వెలిగింది.

సినిమా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంటే ఆమెకు ఊపిరాడింది. అప్పుడు ఆ ర్యాక్ వంక చూసింది.

"మీకెన్ని డ్రైవ్‌లున్నాయి?"

"ఒకటే. లోపల బిగించి ఉంది."

"ట్రేలు?"

"లేవు."

"మరి ఈ ర్యాక్ ఎందుకు?"

అతను దీపం వంకే చూస్తూ చెప్పాడు. "మీరు ఆఖరిది పట్టుకుపోయాక ఇంకోటి తెప్పించుకున్నా. మీ ట్రేకి ఎప్పుడైనా అవసరం పడితే చోటుండాలి కదా."

"ఇన్నాళ్లూ ఫ్యాన్ల పురాణం విప్పారు. ఈ ముక్క చెప్పలేకపోయారా?"

"దానికే వద్దామనుకునేవాణ్ణి. మాట ఫ్యాన్ దగ్గరే ఆగిపోయేది."

అతని బండి మీద తడుస్తూ వెళ్లారు. నాలుగింటికి హాల్లో తెర మీద పాత విద్యార్థులు ఒక్కొక్కరే మాట్లాడుతుంటే, టీచరమ్మ కళ్లజోడు మూడుసార్లు తుడుచుకుంది. అయ్యాక, వెనక గోడకానుకుని నీళ్లోడుతున్న అతన్ని చూసింది. కూతురు సంగతంతా చెప్పింది.

"బాబూ, ముందు తల తుడుచుకో. ఆదివారం ఇంటికొచ్చి దీని కంప్యూటర్ సంగతి చూడు. అక్కడే భోంచేద్దువుగాని. ఎంతసేపు పడుతుంది?"

"పవర్ సప్లై మారిస్తే అరగంట పనండీ."

అమ్మాయి అతని కాలు తొక్కింది.

"రెండు మూడు ఆదివారాలు పట్టేలా ఉందండీ," అన్నాడు.

"నాకూ అలాగే అనిపించింది," అంది టీచరమ్మ.

మెట్లు దిగుతుంటే అతనికి గుర్తొచ్చింది. "మీ ట్రే నా దగ్గరే ఉండిపోయింది."

"మర్చిపోలేదు. అక్కడే ఉండనివ్వండి," అంది ఆమె. "తాళంచెవి మీ దగ్గరే ఉందిగా."