పడవ మీద ఎనిమిది నెలలు

దాచేపల్లి మీరావలి ఆరడుగుల మనిషి. చంకకొక యూరియా బస్తా పెట్టుకుని, దారిలో ఎదురైనవాళ్లందరినీ పలకరిస్తూ నడిచేవాడు. అంతటివాడు ఫిబ్రవరి నెలలో ఒక ఉదయం అండమాన్ సముద్రం అడుగున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్కడికి ఎలా వెళ్లాడంటే, మేనమామ విత్తనాల కొట్టు పుణ్యం. ఆ ఏడు మిరప విత్తనాలు అమ్మడంలో మీరావలిని మించినవాడు రెండు జిల్లాల్లో లేడు. బండరాయి మీద కూడా మొలుస్తాయని చెప్పి అమ్మాడని గిట్టనివాళ్లు అంటారు. మొలిచాయని కొన్నవాళ్లు అంటారు. ఏదైతేనేం, కంపెనీవాళ్లు మెచ్చి, పదిమంది డీలర్లతో పాటు అతన్నీ స్కూబా డైవింగ్ టూరుకి పంపారు. అయిదు రోజులు పడవలోనే తిండి, పడవలోనే పడక. మనిషి అలికిడి లేని దీవుల చుట్టూ తిరగడం, వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగడం, చేపల్ని చూసి రావడం.

చేపల్ని చూడ్డానికి డీలర్లకి అభ్యంతరం లేదు గానీ పడవలో కూరలే చప్పగా ఉన్నాయి. మీరావలి తల్లి ఖాదర్‌బీ ఇది ముందే ఊహించి సంచిలో పండుమిరప పచ్చడి సీసా సర్దింది. అతను రెండో రోజు పొద్దున వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని, సీసా మూతకి అంటినది కూడా నాకి, డైవింగ్‌కి తయారయ్యాడు.

గైడు ఒక అమ్మాయి. ఇంగ్లీషులో చకచకా చెబుతోంది. మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల కాస్త ఉమ్మి రాసుకోవాలట. చదువుకున్నవాళ్లు చెప్పారు కదా అని మీరావలి శ్రద్ధగా, రెండుసార్లు ఉమ్మి, అద్దమంతా రుద్ది, మొహానికి బిగించుకుని దిగాడు.

పదిహేను అడుగుల లోతుకి వెళ్లేసరికి కళ్లలో గుంటూరు మిర్చి యార్డు తగలబడింది. ఆ మంటకి అక్కడి సముద్రం రెండు డిగ్రీలు వేడెక్కిందని తోటి డీలర్లు ఈనాటికీ చెబుతారు.

ఎవరో అతని జాకెట్టు పట్టుకుని పైకి లాక్కొచ్చారు. డెక్కు మీద పడుకోబెట్టి, బిందెడు మంచినీళ్లు కళ్లలో పోశారు. కళ్లు తెరవలేని ఆ చీకట్లో మాస్కు వాసన చూస్తున్న చప్పుడు, వెంటనే అచ్చమైన తెలుగు వినిపించాయి.

"పండుమిరప పచ్చడి తిని ఉమ్మారా?"

అవునన్నట్టు తలూపాడు.

"చింతపండు వేసి నూరిందేనా?"

మళ్లీ తలూపాడు. మీది ఏ ఊరని ఆ గొంతు అడిగింది. దాచేపల్లి అని చెప్పాడు.

"మాది పిడుగురాళ్ల," అంది. "అరగంట బస్సు దూరం. నన్ను చూడ్డానికి ఇంత దూరం వచ్చి, ఇలా కళ్లు మూసుకున్నారేంటండీ?"

అరగంట పాటు అతనికి ఆ గొంతు తప్ప లోకం లేదు. మనిషిని చూడకముందే మనసు పారేసుకున్నవాళ్లు ఉంటారంటే నమ్మేవాడు కాదు గానీ ఆరోజు నమ్మాడు. తీరా కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆ ఇంగ్లీషు గైడే. తడిజుట్టు, ఎండకి కమిలిన ముక్కు, నవ్వు ఆపుకుంటున్న రెండు కళ్లు. చేతిలో తన పచ్చడి సీసా. పడవ రూలు ప్రకారం దీన్ని స్వాధీనం చేసుకుంటున్నానని చెప్పింది. సాయంత్రానికి సీసాలో సగం లేదు.

పేరు నజ్మీన్. పిడుగురాళ్ల క్వారీల్లో వాననీళ్లు నిండినప్పుడు మోటార్లు మునుగుతాయి. ఆమె తండ్రి అల్లాబక్షు ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి, వాటికి తాడు కట్టి వచ్చే మనిషి. ఒకసారి ఆయన దిగాక గట్టు మీదవాళ్లు టీకి వెళ్లి, తాగి, బాతాఖానీ కొట్టి వచ్చినా ఇంకా లోపలే ఉన్నాడట. తల్లి లేని పిల్ల ఆయన వెంట తిరిగి తిరిగి తొమ్మిదో ఏట నుంచే ఆ గుంటల్లో ఈదింది. డిగ్రీ అయ్యాక పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగంలో చేరి, గైడయింది.

చివరిరోజు పడవ అంచున కూర్చున్నప్పుడు, ఇన్నాళ్లూ పెళ్లి ఎందుకు కాలేదని మీరావలి మెల్లగా కదిపాడు. ఆమె నీళ్లకేసి చూస్తూ చెప్పింది.

"మూడు సంబంధాలొచ్చాయి. ఆ పని మానేస్తే చేసుకుంటాం అన్నారు, ముగ్గురూ. నాలుగోవాళ్లు కూడా అదే అంటే ఇక చూపులకి కూర్చోనని నాన్నకి చెప్పేశాను."

ఆ నాలుగోవాడు తానేనని మీరావలి అక్కడికక్కడే నిర్ణయించుకున్నాడు. పోర్ట్‌బ్లెయిర్ చేరేలోపు ఆ మాట బయటికీ చెప్పాడు. మీ అమ్మగారితో మాట్లాడి రండి, అంది నజ్మీన్.

అక్కడే పప్పులో కాలేశాడు. కొడుకు సాగర్ కాలవ గట్టెక్కితేనే కేకలేసే తల్లికి, కోడలు సముద్రం అడుగున తిరుగుతుందని ఎలా చెప్పడం? పిడుగురాళ్ల పిల్ల, పోర్ట్‌బ్లెయిర్‌లో ఆఫీసు ఉద్యోగం అని చెప్పాడు. ఖాదర్‌బీ సంతోషపడింది. ఫోనులో నజ్మీన్‌కి మాత్రం అమ్మకి అంతా చెప్పానన్నాడు.

జూన్ వచ్చింది. సముద్రం పోటెత్తి పడవలు ఆగిపోయాయి. నజ్మీన్ ఇంటికొచ్చింది. పత్తి విత్తేవాళ్లు మబ్బుల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, తల్లీ కొడుకూ పిడుగురాళ్ల వెళ్లారు.

అల్లాబక్షు తానే టీ పెట్టి తెచ్చాడు. ఖాదర్‌బీ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఆఫీసులో ఏం పని చేస్తావమ్మా అని ముచ్చటగా అడిగింది.

నజ్మీన్ మీరావలి వంక చూసింది. అతను ఫ్యానుకి ఎన్ని రెక్కలున్నాయో లెక్కపెడుతున్నాడు. మూడే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

"ఆఫీసు కాదత్తా, సముద్రం," అంది. "జనాన్ని నీళ్లలోకి దింపి, చూపించి, పైకి తెస్తాను. ఎనిమిది నెలలు పడవ మీద ఉంటాను. వానాకాలం నాలుగు నెలలు ఇంటి దగ్గర. మీ అబ్బాయికి తెలుసు."

ఖాదర్‌బీ గ్లాసు కింద పెట్టింది. కొడుకుని చూసింది, అల్లాబక్షుని చూసింది, మళ్లీ పిల్లని చూసింది.

"వీళ్ల నాన్న మార్టూరు నుంచి గ్రానైటు లారీ తోలేవాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇరవై రెండేళ్లు కాపురం చేశాను. లారీ మానెయ్యమని ఆయన్ని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. నిన్ను మాత్రం ఎందుకు అడగాలి?" అని కాస్త ఆగింది. "పిల్ల నాకు నచ్చింది. అబద్ధం చెప్పాడు కాబట్టి నా కొడుకే నచ్చలేదు. వాడు కావాలో వద్దో నువ్వే తేల్చుకో."

నజ్మీన్ లేచి వరండాలోకి వెళ్లింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి, రేకుల మీద శనక్కాయలు ఒలకబోసినట్టు. మీరావలి వెనకాలే వెళ్లాడు.

"మానేస్తే చేసుకుంటాం అనే మాట మా ఇంట్లో కూడా మీరు వినకూడదని..." అని నసిగాడు.

"అందుకని నా పనినే దాచేశారు. ఇంట్లో చెప్పలేని మనిషి రేపు వీధిలో ఏం చెబుతాడు?"

మీరావలి ఫోను తీసి మేనమామకి కలిపాడు. విత్తనాల కాలం, కొట్టు నిండా రైతులు. ఇటు రేకుల మీద వాన. మేనమామకి ఏమీ వినిపించడం లేదు.

"మావయ్యా, పిల్ల సముద్రంలో గైడు," అన్నాడు. ఏంట్రా అన్నాడాయన. మళ్లీ చెప్పాడు. మళ్లీ ఏంట్రా. మీరావలి వానలోకి దిగి, వీధి మధ్యకి వెళ్లి, చెవి పక్కన అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్న బలమంతా ఉపయోగించాడు. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, సున్నపుబట్టీల దగ్గర లారీలకి టార్పాలిన్ కడుతున్నవాళ్లు అందరూ ఆగి విన్నారు.

"సముద్రంలో పని మావయ్యా. ఎనిమిది నెలలు పడవ మీదే ఉంటుంది."

ఈసారి మేనమామకి వినపడింది. మరి ఆ ఎనిమిది నెలలూ నువ్వేం చేస్తావురా అని అడిగాడు.

"ఎదురుచూస్తాను," అని అంతే గట్టిగా చెప్పాడు మీరావలి.

గుమ్మంలో నజ్మీన్ చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"అరిచింది చాలు. తడుస్తున్నావు, లోపలికి రా," అంది. అంతవరకూ 'మీరు' అన్న మనిషి.

అతను మెట్టెక్కేలోపే ఆమె లోపలికి తిరిగి, వీళ్లని అన్నానికి ఉండమను నాన్నా, అంది. చూపులకొచ్చినవాళ్లు సంబంధం కుదరకుండా ఆ ఇంట్లో మెతుకు ముట్టరు. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఖాదర్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అల్లాబక్షు లేచి వెళ్లి, నలుగురికి సరిపడా బియ్యం కడిగాడు.