బిగించిన స్టీరింగ్

1998 అక్టోబరు. ఉదయం ఆరూ పది.

గుడ్లవల్లేరు దాటాక, కాలువ గట్టు మీద చేపల లారీ ఒరిగి ఉంది. గడ్డిలో ఐసు కరుగుతోంది. డ్రైవర్ అంకమ్మరావు శవాన్ని అప్పుడే బయటికి తీశారు. ఎదురుగా సైకిల్ మీద వచ్చిన పాలమనిషి కూడా బతకలేదు. అతని మీద దుప్పటి కప్పారు.

"నిద్రపోయాడండీ," అన్నాడు లారీ ఓనర్ గోవర్ధనరావు.

అంకమ్మరావు భార్య పోలమ్మ ఎస్సై శివరామయ్య ముందుకొచ్చింది.

"నిద్రొస్తే ఆయన బండి ఆపేసేవాడండీ. నిద్రపోయి మనిషిని చంపాడంటే పేటలో నేనెలా తలెత్తుకోను?"

ఎస్సై లారీ ముందు చక్రాలు చూశాడు. రెండూ కుడికి తిరిగి ఉన్నాయి. మలుపు వెనకే అయిపోయింది. ఇక్కడ రోడ్డు తిన్నగా ఉంది.

"స్టీరింగ్ ఎలా ఉండేది?"

"పాత బండి కదండీ, లూజయింది. నిన్ననే మా మెకానిక్ జాయింట్ మార్చాడు," అన్నాడు గోవర్ధనరావు.

పక్కనున్న మెకానిక్ రామబ్రహ్మం నేల చూస్తూ, "మార్చానండీ," అన్నాడు.

ఎస్సై టార్చి వేసి లారీ కింద చూశాడు. నట్ల మీద ఎర్రటి చుక్కలు.

"ఇవేంటమ్మా?"

"సింధూరమండీ. దసరాకి ఆయనే నూనెలో కలిపి ప్రతి నట్టుకీ పెట్టాడు. ప్రాణం వీటిమీదే అనేవాడు."

కానిస్టేబుల్ స్టీరింగ్ తిప్పబోయాడు. సగంలో పట్టేసింది.

"పడిపోయిన బండి కదండీ, పట్టేయదా?" అన్నాడు గోవర్ధనరావు.

"సరే. మరి ఈ చుక్క సంగతేంటి?" ఎస్సై మెకానిక్ వైపు తిరిగాడు. "జాయింట్ నట్టు మీద సింధూరం చెక్కు చెదరలేదు. నువ్వు దాన్ని విప్పనే లేదు. స్టీరింగ్ బాక్స్ స్క్రూ మీద మాత్రం పగిలింది. అరిగిన జాయింట్ వదిలేసి, బాక్స్ బిగించావు. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ టైటుగా, బాగున్నట్టే ఉంటుంది. మలుపు తిరిగాక వెనక్కి రాదు. నిద్రపోయి చేతులు వదిలేస్తే, మంచి బండికి చక్రాలు వాటంతటవే తిన్నగా వస్తాయి. ఇవి రాలేదు."

రామబ్రహ్మం గోవర్ధనరావు వైపు చూశాడు.

"జాయింట్ మార్చాలంటే సాయంత్రం అవుతుందండీ. బోట్లు వచ్చేశాయి, చేపలు ఆగవన్నారు ఓనరుగారు."

"త్వరగా కానిమ్మన్నాను. ఇలా బిగించమన్నానా?"

పోలమ్మ మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

"ఆయన నడిపి చూసుకోలేదా అన్నయ్యా?"

"షెడ్డు ముందు చూశాడమ్మా. 'నీ చెయ్యే చెయ్యి బావా, స్టీరింగ్‌లో లూజు మొత్తం పోయింది' అన్నాడు."

"ఆ రోడ్డుకి మలుపు లేదుగా. తెలిసే పంపావా?"

రామబ్రహ్మం వెనక్కి జరిగాడు.

"అంటే ఆయన మెలకువగానే ఉన్నాడు," అంది ఎస్సైతో.

"మలుపు సరిగానే తిప్పాడమ్మా. స్టీరింగ్ వెనక్కి రాక, చివరిదాకా లాగుతూనే ఉన్నాడు."

పోలమ్మ తన భర్త దగ్గరికి వెళ్లలేదు. పాలమనిషి పక్కన కూలబడింది. జారిన దుప్పటిని అతని పాదాల మీదికి లాగింది.

"మా ఆయన నిద్రపోలేదయ్యా," అంది అతనితో.