గోటితో తేల్చిన డాలరు

పొద్దున్నే కాఫీ పోస్తూ ఆర్డిత్ తన భర్త మెర్ల్ చేతులనే గమనిస్తోంది. పక్కింటి డ్వేన్ ఇచ్చి వెళ్లిన పాత వెండి డాలరును మెర్ల్ దీపం కింద పెట్టుకుని, బొటనవేలి గోటితో అంచు గీసి చూస్తున్నాడు. కార్సన్ సిటీ నాణేల సంఘంలో నలభై ఏళ్లుగా అతని మాటే మాట.

"ప్రూఫే. దాచుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టిందే. అంచు ఎంత పదునుగా ఉందో చూడు," అన్నాడు.

ఆర్డిత్ నాణెం అందుకుని దీపం కింద అటూ ఇటూ వంచింది. వెలుగు బండిచక్రంలా గిర్రున తిరిగింది. ప్రూఫ్ అయితే వెలుగు అలా తిరగదు, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా అద్దంలా ఉంటుంది. పైగా నాణెం మీది స్త్రీ చెంప నిండా, సంచిలో తోటి నాణేలు తగిలి పడ్డ గాట్లు. ఇది చలామణికి కొట్టిన మామూలు డాలరే. ఇవన్నీ ఆమెకు నేర్పింది మెర్లే.

"తాతా, బడికి టైమైంది," అంటూ మనవరాలు బ్రిన్ వచ్చింది. మెర్ల్ ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

"నువ్వు కాసేపు వరండాలో కూర్చో తల్లీ," అని పిల్లను పంపి ఆర్డిత్ తలుపు వేసింది. "ఆ చెంప మీద గాట్లెన్ని, మెర్ల్?"

"పొద్దున్నే ఈ పరీక్షలేంటి? నాకే నేర్పడానికొచ్చావా?"

"నువ్వు చూడలేదు, తడిమి చెప్పావు. ఎప్పట్నుంచి కనిపించట్లేదు?"

మెర్ల్ తాళాలు గుప్పిట్లో బిగించాడు.

"మొన్న స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా పోయావని పిల్ల చెబితే మతిమరుపనుకున్నా. ఆ కొండదారిలో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా నడిపావయ్యా?" కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆమెకు.

"వసంతం నుంచి," అన్నాడు చివరికి. "పక్కలు కనిపిస్తాయి. సూటిగా దేన్ని చూస్తే అదే చెరిగిపోతుంది. చెబితే తాళాలు లాక్కుంటారు. ఆ తర్వాత నేనెందుకు పనికొస్తాను?"

"దానికి పిల్ల ప్రాణం మీదికి తెస్తావా?"

మెర్ల్ వరండా వైపు తల తిప్పాడు. తాళాలు బల్ల మీద పెట్టి ఆమె వైపు జరిపాడు. సొరుగులోంచి తన అసలైన ప్రూఫ్ డాలరు తీసి, అంచులు పట్టుకుని ఆమె ముందుకు చాపాడు.

"ఇందులో ఏం కనిపిస్తోంది?"

"నా మొహం."

"బాగా కనిపిస్తోందా?"

"ముడతలతో సహా."

"నాకు కనిపించి ఆర్నెల్లయింది ఆర్డిత్. నేను సూటిగా చూసేది నీ మొహాన్నేగా. ముందు పోయింది అదే."

ఆర్డిత్ కళ్లలో నీళ్లు ఆగలేదు. అతని చెయ్యి తీసి తన తడి చెంప మీద పెట్టుకుంది. రెండో చేత్తో తాళాలు అందుకుంది.

"పద, బండి నేను నడుపుతా. పిల్లను బడి దగ్గర దింపి, అట్నుంచటే కళ్ల డాక్టర్ దగ్గరికి పోదాం. నువ్వు పక్కన కూర్చుని నా తప్పులు పట్టు."

"పడతా," అన్నాడు మెర్ల్, చెయ్యి తియ్యకుండానే.