తొంభై రెండు ఓముల నేరం

తలుపు తట్టకుండా లోపలికి వచ్చిన ఒకామె, బాబాయ్ చూపించిన కుర్చీలో కూర్చోలేదు.

"నా గుడ్లను ఎవరో చంపుతున్నారండీ" అంది.

బాబాయ్ టీ తాగడం ఆపి కప్పు సాసరులో పెట్టేశాడు. రిటైరయ్యాక అన్నకూతురి డిటెక్టివ్ ఆఫీసులో అసిస్టెంటుగా చేరిన ఆయనకు ఇంతవరకూ తగిలినవన్నీ తప్పిపోయిన కుక్కల కేసులే. చంపడమనే మాట ఆ గదిలో వినపడటం ఇదే మొదలు. అవి కోడిగుడ్లని తెలిశాక ఆయన టీ మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆమెకు ఇంటి వెనక చిన్న హేచరీ ఉంది. మిషన్ మూడు వందల గుడ్లను పొదుగుతోంది. లోపల ముప్పై ఏడున్నర డిగ్రీలుండాలి. నాలుగు రోజులుగా ముప్పై నాలుగు దాటడం లేదు. మిషన్ చూసుకునేది ఆమె తమ్ముడు. వాడే స్విచ్ ఆపేసి నిద్రపోతున్నాడని ఆమె భర్త తేల్చేశాడు. సాయంత్రంలోగా వాణ్ణి ఇంట్లోంచి పంపేస్తానన్నాడు.

"మావాడు బద్ధకస్తుడే, కాదనను. కానీ లేచి వెళ్ళి స్విచ్ ఆపేంత ఓపిక కూడా లేదండీ వాడికి" అందామె కళ్ళు తుడుచుకుంటూ.

డిటెక్టివ్, బాబాయ్ ఆమె ఇంటికి వెళ్ళేసరికి మిషన్ మీద ఎర్రదీపం వెలుగుతోంది. హీటర్‌కు కరెంటు అందుతోందనడానికి అది గుర్తు. ఇదివరకు వేడి చాలగానే ఆరిపోయేదనీ, ఈ నాలుగు రోజులూ ఆరనే లేదనీ తమ్ముడు చెప్పాడు. బట్టల సంచి అప్పటికే వాడి ఒళ్ళో ఉంది.

"లో వోల్టేజి అమ్మడూ! తేలిపోయింది" అన్నాడు బాబాయ్.

డిటెక్టివ్ మీటరు పెట్టి చూసింది. రెండు వందల ముప్పై వోల్టులు, నిక్షేపంలా ఉన్నాయి. బాబాయ్ మొహంలోనే వోల్టేజి పడిపోయింది. తరవాత ఆమె హీటర్ తీగ చుట్టూ మరో మీటరు తగిలించింది. రెండున్నర ఆంపియర్లు.

"వోల్టేజిని కరెంటుతో గుణించు బాబాయ్."

"అయిదు వందల డెబ్బై అయిదు వాట్లు."

"మిషన్ పక్కన బిగించిన కంపెనీ రేకు మీద హీటర్ ఎన్ని వాట్లని ఉంది?"

బాబాయ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. పదకొండు వందల యాభై. సరిగ్గా సగం పవరు ఎటో మాయమైంది.

"ఇప్పుడు వోల్టేజిని కరెంటుతో భాగించు. రెసిస్టెన్స్ వస్తుంది."

తొంభై రెండు ఓములు వచ్చింది. రేకు మీది లెక్క ప్రకారం హీటర్ అయిదు ఆంపియర్లు తీసుకోవాలి. అంటే నలభై ఆరు ఓములే ఉండాలి. డిటెక్టివ్ మీటర్లు సంచిలో పెట్టేసి, ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే పిలిపించింది. అందరికీ ఒకటే ప్రశ్న: వేడి పెరగాలంటే హీటర్‌లో ఎక్కువ ఓముల కాయిల్ వెయ్యాలా, తక్కువదా?

తక్కువదేనని తమ్ముడు ఆవలిస్తూ చెప్పాడు. అత్తగారు తనకు ఓములూ గీములూ తెలియవనీ, అసలు ఆ పనంతా కోడిపెట్టకు అప్పగిస్తే పోయేదనీ అంది. భర్త మాత్రం మీసం దువ్వుకుని పాఠం చెప్పాడు.

"ఎక్కువదే మేడం. రెసిస్టెన్స్ అంటే అడ్డు. అడ్డు ఎక్కువైతే కరెంటు దాంతో గట్టిగా పోరాడాలి. పోరాటంలోంచే కదా వేడి పుట్టేది!"

ఎంత బాగా చెప్పాడని బాబాయ్ తల ఊపాడు. డిటెక్టివ్ ఆయన వంక చూసింది. తల ఆగిపోయింది.

కాసేపటికి అందరూ మిషన్ చుట్టూ చేరారు.

"స్విచ్ ఎవరూ ఆపలేదు" అంది డిటెక్టివ్. "ఆపితే ఆ దీపం వెలగదు. ఎవరో లోపలి కాయిల్ మార్చారు. గుడ్లు చెడగొట్టాలనుకునేవాళ్ళు ఒక్క స్విచ్ నొక్కితే సరిపోయేది. మిషన్ విప్పి కొత్త కాయిల్ బిగించేంత శ్రమ ఎందుకు పడతారు? కాబట్టి ఆ మనిషి వేడి పెంచాలనే చూశాడు. పెంచడానికి రెట్టింపు ఓములు వేశాడు. వోల్టేజి పెరగదు కదా, అడ్డు రెట్టింపయ్యేసరికి కరెంటు సగమైంది. దాంతో పాటే పవరూ సగమైంది. పోరాటం జరగలేదు సార్. కరెంటు సగం దారిలోనే దండం పెట్టేసింది."

అందరి చూపులూ మీసం మీదికి మళ్ళాయి.

వేడి పెంచితే పిల్లలు ఒకరోజు ముందే బయటికొస్తాయనీ, అవతలి వీధి హేచరీవాడి నోరు మూయించవచ్చనీ అనుకున్నానని ఆయన నసిగాడు. మిషన్ చల్లబడ్డాక చెప్పడానికి మొహం చెల్లలేదట. ఆయన అటక మీద దాచిన పాత కాయిల్ తెచ్చాడు, తమ్ముడు బిగించాడు. మళ్ళీ పెట్టి చూస్తే మీటరు అయిదు ఆంపియర్లు చూపించింది. కాసేపటికి లోపలి వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి కదిలింది. చల్లదనం మరీ అంత కాదు గనక చాలా గుడ్లు బతికే ఉంటాయనీ, కాస్త ఆలస్యంగా పిల్లలవుతాయనీ తమ్ముడు అన్నాడు. అని సంచి భుజాన వేసుకున్నాడు.

"ఏమండీ" అంది భార్య. కళ్ళతో తమ్ముడి సంచి చూపించింది.

భర్త గోడకేసి తిరిగి, పెదవులు కదిలీ కదలకుండా, "తప్పు నాదే, ఉండిపోరా" అన్నాడు.

తమ్ముడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"అడ్డు ఎక్కువై మాట రావడం లేదు బావా. కాస్త వోల్టేజి పెంచి చెప్పు."