డెల్మా ఇచ్చిన పొట్టి పిస్టల్

"రేపు ఒక మనిషిని లేపేయబోతున్నారు. నువ్వు అడ్డం పడాలి," అన్నాడు చీఫ్ హార్లన్, పంటి కింద పుల్లను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారుస్తూ.

"మనిషికా సార్, గుండుకా?" అన్నాడు ఏజెంట్ వర్జిల్.

"ముందు ఏదొస్తే దానికి."

బల్ల మీద ఫోటో పడింది. మిలాన్ వెసెలీ. ఒక విదేశీ గూఢచారి ముఠా నుంచి పారిపోయి వచ్చిన కోడ్ నిపుణుడు. టెక్సాస్‌లో ఆ ముఠాకు అమ్ముడుపోయిన వాళ్ళ పేర్లన్నీ అతని బుర్రలో భద్రంగా ఉన్నాయి. పేకన్ ఫోర్డ్ ఊళ్ళో మాంసం కాల్చే బార్బెక్యూ పోటీలో, వంటవాళ్ళు మకాం చేసే ట్రైలర్ బళ్ళలో ఒకదాంట్లో అతన్ని దాచారు. మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చేదాకా వర్జిల్ వంటవాడి వేషంలో కాపలా.

"తలుపు బయట కోడ్ మాట: 'మాంసం విశ్రాంతి తీసుకుంటోందా?' అది వింటేనే మిలాన్ గడియ తీస్తాడు. అతను కాక, మన ముగ్గురికి తప్ప నాలుగో చెవికి తెలియకూడదు."

ఆ మూడో చెవికి ఎర్రరాయి జూకా ఉంది. చెవి డెల్మాది. డిపార్ట్‌మెంట్‌లో ఆయుధాల నిపుణురాలు. ఆమె నడిచొస్తుంటే ఫైళ్ళు కూడా తలెత్తి చూస్తాయి. వర్జిల్‌కు కాల్చడం నేర్పిన గురువు ఆమే, త్వరలో పెళ్ళాం కాబోయేదీ ఆమే. ఆమె వల్ల గురి కుదిరింది, ఆమె మీదా గురి కుదిరింది.

డెల్మా పెట్టెలోంచి జానాబెత్తెడు ఆయుధాన్ని తీసింది. తూటాల మేగజీన్ ఊడదీసింది. బోల్టు వెనక్కి లాగి చూపించింది.

"ఖాళీ."

వర్జిల్ తొంగి చూశాడు. "ఖాళీ." అప్పుడే చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఊళ్ళలో అది దండం పెట్టుకోవడం లాంటిది. మొగుడూ పెళ్ళాలైనా సరే, తెరిచి చూపించకుండా ఇవ్వరు, చూడకుండా పుచ్చుకోరు.

"ఏమిటే ఇది? రైఫిల్ కడుపున పుట్టిన పిస్టలా?"

"అచ్చంగా అంతే డార్లింగ్. ఒళ్ళు రైఫిల్‌ది, పొడవు పిస్టల్‌ది. మింగేది రైఫిల్ తూటాయే. మాంసం డబ్బాలో ఇమిడిపోతుంది. కారు సీట్లో కూర్చునే తిప్పొచ్చు. ట్రైలర్ లాంటి ఇరుకులో ఇంతకు మించింది లేదు. పొడుగు గొట్టం గోడకు తగిలేలోపు పొట్టి గొట్టం పని ముగించుకుని ఇంటికెళ్ళిపోతుంది."

"మరి లోపం?"

"గొట్టం చిన్నది కదా, నోరు పెద్దది. పేలిందంటే మందు సగం బయటే మండుతుంది. నీ చెవులు, నీ మీసం దేవుడికి వదిలెయ్."

"బాగుంది. గొట్టంగాడికి తగ్గ గొట్టం!"

డెల్మా పకపకా నవ్వింది. ఆ నవ్వు మీద వర్జిల్ పింఛను కూడా రాసిచ్చేవాడు.

మర్నాడు పేకన్ ఫోర్డ్ మైదానమంతా ఓక్ కట్టెల పొగ. టోపీలు, బీరు, గిటార్లు. వర్జిల్ ఏప్రన్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. అతని సొంత రివాల్వర్ శుభ్రం చేస్తానని డెల్మా పొద్దున్నే పట్టుకుపోయింది.

ఆమె మాంసం డబ్బాతో వచ్చింది. మూత తెరిచి, తన దగ్గరే ఉంచుకున్న పొట్టి పిస్టల్ అతని చేతిలో పెట్టింది.

"నింపే ఉంది. టైమ్ లేదు డార్లింగ్, కదపకు." బుగ్గ మీద ముద్దు పెట్టి గుంపులో కలిసిపోయింది.

ముద్దు వెచ్చగానే ఉంది. వర్జిల్ చెయ్యి మాత్రం చల్లబడింది.

బోల్టు తెరవలేదు. చూపించలేదు. 'కన్నతల్లి ఇచ్చినా తెరిచి చూడరా' అని నేర్పిన మనిషి!

పొయ్యి వెనక్కి వెళ్ళి వెనక మేకు నొక్కాడు. పిస్టల్ మడత విప్పుకుంది. బోల్టు బయటికి లాగాడు. తూటా వెనక కొట్టే పిన్ లేదు. నిండా తూటాలున్నాయి. ఒక్కటీ పేలదు.

చెవిలో రేడియో నొక్కాడు. చచ్చిన పాములా పడి ఉంది. అది అమర్చిందీ ఆమే.

నమ్మకంలో అమ్మకం దాక్కుని ఉంటుందని వర్జిల్‌కు ఇన్నాళ్ళూ తట్టలేదు.

అప్పుడే కనిపించాడు, వంటల పోటీ జడ్జి బ్యాడ్జీ తగిలించుకున్న బుర్రమీసాల మనిషి. చంకలో మాంసం డబ్బా. మిలాన్ ట్రైలర్ తలుపు తట్టి అన్నాడు:

"మాంసం విశ్రాంతి తీసుకుంటోందా?"

గడియ తీసిన చప్పుడు!

వర్జిల్ పరుగెత్తాడు. లోపల సందులాంటి నడవా. చివర మంచం మీద మిలాన్, గోడకు అంటుకుపోయి. జడ్జి చేతిలో వర్జిల్ పిస్టల్‌కు కవల పిల్ల! కాకపోతే మోత బయటికి వినబడకుండా దాని మూతికి మూరెడు సైలెన్సర్ బిగించాడు.

"ఆపు!" వర్జిల్ గురిపెట్టాడు.

జడ్జి నవ్వాడు. "అది పేలదు నాయనా. ఆవిడ చెప్పింది."

తీరిగ్గా ఇటు తిరగబోయాడు. పొట్టిదాన్ని పొడుగు చేసుకున్న పాపం! సైలెన్సర్ ఫ్రిజ్ తలుపుకు ఠంగున తగిలి ఇరుక్కుంది. ఆ ఇరుకులో వర్జిల్ పొట్టి పిస్టల్ దేనికీ తగలకుండా గిర్రున తిరిగి, తగలాల్సిన చోట తగిలింది. కణత మీద. జడ్జి నేలమీద విశ్రాంతి తీసుకున్నాడు.

బయట హెలికాప్టర్ దిగుతోంది. మెట్ల దగ్గర డెల్మా నిలబడి ఉంది. లోపలినుంచి వర్జిల్ రావడం చూసి ఆమె నవ్వు సగంలో ఆగింది.

"తెరిచి చూశావా?"

"నువ్వే నేర్పావుగా."

"మిలాన్ నోరు విప్పితే మొదట వచ్చేది నా పేరే."

"రెండోది నాదేం కాదుగా! నన్నెందుకే?"

"అడ్డం పడతావని తెలుసు."

వర్జిల్ చెయ్యి చాపాడు. "నీ గన్ను."

దిగుతున్న మనుషుల్ని ఆమె ఒకసారి చూసింది. నడుము నుంచి పిస్టల్ తీసింది. మేగజీన్ ఊడదీసింది. స్లైడు వెనక్కి లాగింది. తెరిచి చూపించింది.

"ఖాళీ," అంది.

ప్రాణం తీయబోయిన మనిషే, పొద్దున తప్పిన పద్ధతి ఇప్పుడు తప్పలేదు. వర్జిల్ తొంగి చూశాడు, ముందు గన్నులోకి, తర్వాత ఆమె కళ్ళలోకి.

"ఖాళీ," అన్నాడు.

సాయంత్రం చీఫ్ పుల్ల నములుతూ అడిగాడు. "ఆ పొట్టి పిస్టల్ సంగతేమిటి? ఇరుకులో నిజంగా అంత గొప్పగా ఉంటుందా?"

"ఉంటుంది సార్," అన్నాడు వర్జిల్. "ఆవిడ నాకు చెప్పినవాటిలో నిజం అదొక్కటే."