మాస్టారి బరువు

ఉదయం ఫలహారం దగ్గర ఆ ఇంట్లో రోజూ జరిగే తగవే ఆ రోజూ మొదలైంది. చిట్టి తన తండ్రి మాస్టారి ముందు పళ్ళెం పెట్టింది. అందులో రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టె ముక్క, గుప్పెడు కీరా ముక్కలు ఉన్నాయి. నడిరోడ్డు మీద బండి ఆపేసి బిక్కమొహం వేసిన కొత్త శిష్యుణ్ణి చూసినట్టు మాస్టారు ఆ పళ్ళేన్ని చూశారు.

"ఇది నాకా, పిల్లికా?"

"పిల్లయితే ఈపాటికి తినేసి మూతి తుడుచుకునేది నాన్నా" అంది చిట్టి.

ఎదురుగా కూర్చున్న తల్లికి నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసం వస్తుందని ఆపుకుంది.

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము కుదురుగా కూర్చునేదాకా వదిలిపెట్టదు గనక వీధిలో అందరూ ఆవిణ్ణి అద్దాలమ్మ అని పిలుస్తారు. రెండు కిడ్నీలూ పాడైపోయి, వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవలసిన స్థితికి వచ్చింది. డయాలసిస్ లేని రోజుల్లో ఓపికుంటే ఒక పూట దుకాణానికి వెళ్ళొస్తోంది. ఇంట్లోవాళ్ళెవరైనా కిడ్నీ ఇవ్వగలిగితే గట్టెక్కవచ్చని డాక్టరు చెప్పినప్పుడు ముందు చిట్టే లేచింది. ఆ పిల్ల రక్తం తల్లికి సరిపడలేదు. పైకి విచారంగా మొహం పెట్టినా అద్దాలమ్మ లోపల హమ్మయ్య అనుకుంది. పెళ్ళి కావలసిన పిల్ల ఒంటి మీద కత్తి పెట్టించడం ఆవిడకు ఇష్టం లేదు.

మాస్టారి రక్తం సరిపోయింది. సరిపోనిది ఆయన బరువు.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పాతికేళ్ళుగా శిష్యుల పక్కసీట్లో కూర్చుని, తన కాలి దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆన్చి, పొద్దుటినుంచి సాయంత్రందాకా ఊరంతా తిరిగినా ఆయన నడిచేది మాత్రం కారు తలుపు దాకానే. ఒక శిష్యుడికీ ఇంకో శిష్యుడికీ మధ్య దొరికిన కాస్త తీరికలో ఏదో ఒకటి నోట్లో వేసుకోవడం అలవాటైంది. అంత ఒళ్ళున్న మనిషిని కోసి కిడ్నీ తియ్యడం ఆయనకే ముప్పని, బీపీ కూడా హద్దు దగ్గరే ఉందని, తగ్గి వస్తే చూద్దామని ఆసుపత్రివాళ్ళు పంపేశారు.

అక్కడి ఆహార నిపుణురాలు ఆయన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. కడుపు మాడ్చుకోవద్దంది. వేళకి తినమంది, నూనె, తీపి, ఉప్పు తగ్గించమంది, ముందు మెల్లగా నడక మొదలుపెట్టి ఒళ్ళు అలవాటు పడ్డాక జోరు పెంచమంది, నిద్ర తగ్గనివ్వొద్దంది. చివర్లో ఒక మాట మరీ మరీ చెప్పింది. "మీరు సన్నబడ్డం కాదు మాస్టారూ మాకు కావలసింది. మీ కిడ్నీ నిక్షేపంగా ఉండాలి. తొందరపడి దాన్ని పాడుచేసుకుంటే ఇంక ఇవ్వడానికేం ఉండదు."

మాస్టారు బుద్ధిగల శిష్యుడిలా తలూపారు. ఇంటికొచ్చాక పగ్గాలు చిట్టి చేతికి వెళ్ళాయి. ప్రింటింగ్ ప్రెస్సులో ఎడతెగని పని చేసే పిల్ల, పొద్దున్నే లేచి తండ్రిని లేపి నడకకి తీసుకెళ్ళేది. మొదట్లో ఆయన వీధి మలుపు దాకా వెళ్ళి దీపస్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయేవారట. పోనుపోను మలుపు దాటారు, మైదానం దాటారు. చొక్కాలు వదులయ్యాయి. మోకాళ్ళు పట్టుకోకుండా మెట్లెక్కారు. శిష్యులు పెట్టిన చిరుతిళ్ళు వద్దని, ఇంటినుంచి తెచ్చుకున్న పండు కోసుకుని తింటున్నారని డ్రైవింగ్ స్కూలువాళ్ళు అద్దాలమ్మతో చెప్పి నవ్వారు.

ఆశ పెట్టుకోకూడదని అద్దాలమ్మ మొదట్లోనే గట్టిగా అనుకుంది. ఆశ అడిగి రాదు కదా. కిడ్నీలు పోయినవాళ్ళు దాహం వేసిందని నీళ్ళు తాగడానికి లేదు. రోజుకింత అని కొలిచిన నీళ్ళనే గొంతు తడుపుకుంటూ పొద్దుపుచ్చాలి. ఒకరోజు డయాలసిస్ మంచం మీద పడుకుని ఉండగా, ఆపరేషన్ అయ్యాక చెంబు ఎత్తి గటగటా మంచినీళ్ళు తాగుతున్నట్టు తోచింది ఆవిడకి. ఆ ఊహకి తనే భయపడి కళ్ళు తెరిచింది. తర్వాత మాత్రం రోజుకోసారైనా ఆ చెంబు కళ్ళముందుకి వస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే మాస్టారి బరువు తగ్గడం ఆగిపోయింది. తిండిలో తేడా లేదు, నడకలో తేడా లేదు, అయినా కాటా ముల్లు మొండికేసింది. ఇలా ఆగడం మామూలేనని, ఒంటికి కొంత వ్యవధి ఇవ్వాలని నిపుణురాలు చెప్పింది. వ్యవధి ఇవ్వడానికి అద్దాలమ్మ దగ్గర లేదు. డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. దానికి చీము పట్టి జ్వరం వచ్చింది. డాక్టరు చిట్టిని పక్కకి పిలిచి, గుండె కూడా బలహీనపడుతోందని, ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్‌కి ఈవిడే తట్టుకోలేకపోవచ్చని చెప్పారు.

ఆ సాయంత్రం చిట్టి ఇంటికి వచ్చేసరికి మాస్టారు ఎవరో శిష్యురాలు తన లైసెన్సు వచ్చిన సంతోషంలో ఇచ్చిన కేకు ముక్క ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇంకా తినలేదు. తింటారో లేదో కూడా తెలీదు. చిట్టి ఆ ముక్కని తీసి చెత్తబుట్టలో పడేసింది.

"నీకు అమ్మ బతకాలని ఉందా, లేదా నాన్నా?"

లోపలి గదిలో పడుకున్న అద్దాలమ్మకి ఆ మాట వినపడింది. లేచి వెళ్ళి కూతుర్ని మందలించాలనుకుంది. ఓపిక లేక, పొద్దున్న చూద్దాంలే అని ఊరుకుంది. పొద్దున్న లేచేసరికి ఇద్దరూ ఏమీ జరగనట్టే నడకకి వెళ్ళిపోయారు. ఆవిడా ఆ సంగతి ఎత్తలేదు.

ఆ తర్వాత మాస్టారు ఇంట్లో నవ్వడం మానేశారు. అలిగారేమో అనుకున్నారు తల్లీకూతుళ్ళు. కానీ కాటా ముల్లు కదిలింది. కదలడమేమిటి, పరుగు పెట్టింది. చూస్తుండగానే బుగ్గలు లోపలికి పోయాయి. చిట్టి సంబరపడింది. తన మాట పనిచేసిందని కూడా అనుకుంది. అద్దాలమ్మకి మాత్రం ఆయన కళ్ళకింద నలుపు నచ్చలేదు. అడిగితే ఎండలో తిరుగుడు అన్నారు.

జ్వరం తగ్గి, ఓపిక చేసుకుని దుకాణానికి వెళ్ళిన ఒక పూట, ఒక ముసలాయనకి కొత్త అద్దాలు పెట్టి కింది వరస అక్షరాలు చదివిస్తుండగా అద్దాలమ్మకి ఫోను వచ్చింది. పాఠం మధ్యలో మాస్టారు సీట్లో ఒరిగిపోయారని, పక్కన బండి నేర్చుకుంటున్న ఆవిడే ఎలాగో ఆసుపత్రికి తోలుకెళ్ళిందని స్కూలువాళ్ళు చెప్పారు. అద్దాలమ్మ చేతిలో ఉన్న ఫ్రేముని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఆ వెంటనే చిట్టికి ఫోను చేసింది.

ఆసుపత్రిలో తేలిన సంగతి ఇది. మాస్టారు మధ్యాహ్నం తిండి పూర్తిగా మానేశారు. ఎవరో పరిచయస్థుడు ఇచ్చిన సన్నబడే పొడి పొద్దునా సాయంత్రం నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారు. అది మూలికల పొడి, ఏమీ చెయ్యదని అతను చెప్పాడట. ఆ పొడీ, పస్తులూ కలిసి ఆయన రెండు కిడ్నీలనీ దెబ్బతీశాయి. ప్రాణం దక్కింది. కొన్ని వారాల మందులతో కిడ్నీలు కొంత కోలుకున్నాయి. మొత్తంగా కోలుకోలేదు.

చివరి పరీక్షల తర్వాత డాక్టరు ముగ్గుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. బరువు ఇప్పుడు సరిపోతుంది గానీ, ఈయన ఇంక కిడ్నీ ఇవ్వడానికి ఎప్పటికీ పనికిరారు. ఉన్నవాటిని కాపాడుకోవాలంటే ఆ ఉప్పు తక్కువ తిండీ, ఆ నడకా బతికున్నంతకాలం మానకూడదు. అద్దాలమ్మ పేరు చనిపోయినవారి అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ళ వరుసలో ఉంటుంది. ఆవిడ గుండె పరిస్థితిని బట్టి, వంతు వచ్చేదాకా ఆగగలరని చెప్పలేను, అన్నారు.

ఇంటికొచ్చాక ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. చిట్టి ఇద్దరికీ వేర్వేరు వేళల్లో వడ్డించి ప్రెస్సుకి వెళ్ళిపోయేది. మాస్టారు నడక మానేశారు, పనికి సెలవు పెట్టేశారు, గోడవైపు తిరిగి పడుకునేవారు. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది. అద్దాలమ్మకి ఆయన్ని చూస్తే కోపం, చూడకపోతే భయం.

ఒక ఆదివారం ఉదయం ఆ కోపం కట్ట తెంచుకుంది. చిట్టి పెట్టిన పళ్ళేన్ని మాస్టారు పక్కకి జరిపారు. ఇంక ఇవన్నీ ఎందుకు, ఎవరికోసం అని గొణిగారు.

అద్దాలమ్మ ఆ పళ్ళేన్ని మళ్ళీ ఆయన ముందుకి జరిపింది.

"నాకు కిడ్నీ ఇవ్వలేకపోయారని నాకేం కోపం లేదండీ. నేను అసలు ఆశ పెట్టుకోలేదు. మీరు మైదానం దాటి నడుస్తున్నారని విన్నాక పెట్టుకున్నాను. మంచినీళ్ళు కడుపునిండా తాగినట్టు పగటి కలలు కన్నాను, చిన్నపిల్లలాగా. మీకు అంత కష్టంగా ఉన్నప్పుడు నాతో ఒక్కమాట చెప్పుకుంటే ఏం పోయేది?"

"నీకేం చెప్పుకోను?" అన్నారు మాస్టారు. "నీ మెడలో గొట్టం చూస్తూ, నాకు ఆకలేస్తోందని చెప్పుకోనా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ చిట్టి మొహం కప్పుకుంది. అదంతా తనవల్లే అయిందని, ఆ రోజు తను ఆ మాట అనకుండా ఉంటే నాన్న ఆ పొడి జోలికి వెళ్ళేవాడు కాదని వెక్కిళ్ళ మధ్య చెప్పింది. మాస్టారు కంగారుగా లేవబోయారు. నీ తప్పేం లేదమ్మా, నేనే బుద్ధి లేకుండా చేశాను అన్నారు. ఆ రోజు ఆ మాట తనకీ వినపడిందని, విని కూడా పొద్దున్న చూద్దాంలే అని పడుకున్నది తానని అద్దాలమ్మ చెప్పింది. కాసేపు ముగ్గురూ తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. ఎవరి మాటా ఎవరికీ ఊరట ఇవ్వలేదు. అయినా ఇన్ని వారాల తర్వాత ఆ ఇంట్లో మనుషుల గొంతులు వినబడ్డాయి.

కళ్ళు తుడుచుకుని అద్దాలమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇప్పటిదాకా ఎవరూ పైకి అనని సంగతి ఇంక తనే అనాలని ఆవిడకి అర్థమైంది.

"ఎవరికోసం అన్నారు కదా, వినండి. నేను ఎన్నాళ్ళుంటానో నాకు తెలుసు. డాక్టరు చెప్పనవసరం లేదు. నేను పోయాక ఈ పిల్లకి మిగిలేది మీరొక్కరే. మీరూ ఆ యంత్రం పక్కన పడుకుంటే, ఇది నన్ను చూసినట్టే మిమ్మల్నీ చూస్తూ ఏళ్ళు గడపాలి. దీని బతుకంతా ఆసుపత్రి మెట్ల మీదే అయిపోతుంది. నాకోసం కడుపు మాడ్చుకున్నారు. దీనికోసం తినలేరా?"

"అలా మాట్లాడకమ్మా" అంది చిట్టి.

"మాట్లాడనీ. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెప్పను?"

మాస్టారు గుడ్డు చేతిలోకి తీసుకున్నారు. ఉప్పులేని గుడ్డు, చల్లారిపోయింది కూడా. నమల్లేక నములుతూ, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నారు. రొట్టె తిన్నారు. కీరా ముక్కలు తిన్నారు. తల్లీకూతుళ్ళు ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. పళ్ళెం ఖాళీ అయ్యాక చిట్టి లేచి తండ్రి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. నువ్వు కూడా రా అన్నట్టు మాస్టారు భార్యవైపు చూశారు. ఆవిడ ఇప్పుడు మెట్లు దిగే స్థితిలో లేదని ఆయనకీ తెలుసు. మీరు వెళ్ళి రండి, తొందరపడకండి అంది అద్దాలమ్మ.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. కింద వీధిలో తండ్రీకూతుళ్ళు కనిపించారు. ఆయన నడక మళ్ళీ మొదటికి వచ్చింది. నాలుగడుగులకి ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా చిట్టి కూడా ఆగి, ఆయన ఊపిరి కూడగట్టుకునేదాకా ఏదో చెబుతూ నిలబడుతోంది. ఒకచోట ఆయన చెయ్యి పట్టుకుంది, ఇంక వదల్లేదు.

రేపు మళ్ళీ డయాలసిస్. ఆ తర్వాత ఎన్ని ఉంటాయో ఎవరికీ తెలీదు. ఆ వీధిలో వాళ్ళిద్దరే నడుస్తుంటే, తాను లేని రోజు ఎలా ఉంటుందో అద్దాలమ్మకి మొదటిసారి స్పష్టంగా కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ రోజుని తలుచుకోవాలంటేనే ఆవిడకి వణుకు పుట్టేది. ఇప్పుడు ఏడుపొచ్చింది గానీ వణుకు రాలేదు. వాళ్ళు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా కిటికీ ఊచ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.