నాలుగు నిమిషాల వాన

నల్లప్ప నవ్వుతూ చనిపోయాడు.

2005 జూన్ పదమూడు, మధ్యాహ్నం మూడు ఇరవై. గుత్తి కోట కింద వీధిలో, రైల్వేలో సిగ్నల్‌మ్యాన్‌గా రిటైరైన ఆ ముసలాయన అరుగు దిగి, భుజం మీది తువ్వాలు తీసేసి, మొహం పైకెత్తి నిలబడ్డాడు. ఆ ఏడాదికి అదే మొదటి వాన. వెనక నుంచి వచ్చినవాడు సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో ఒక్కసారే కాల్చి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. వీధిలో అందరూ ఉన్నారు. అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు కాబట్టి సాక్షి ఒక్కడూ లేడు. పోలీసులు పాతకక్షలని రాసుకుని ఫైలు మూసేశారు. ఈ జిల్లాలో ఏ శవానికైనా ఆ మాట సులువుగా సరిపోతుంది.

నల్లప్ప ముప్పై ఏళ్లుగా మన ఇంటెలిజెన్స్ మనిషని ఆ పోలీసులకు తెలీదు. భార్యకే తెలీదు.

మర్నాడు పొద్దున గుత్తి జంక్షన్ వెయిటింగ్ రూంలో ఒక బట్టతల పెద్దాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. పక్కన బ్యాగు పెట్టుకుని ఒక సేల్స్‌మన్ కూలబడ్డాడు.

"కాయలు కొత్త పంటవేనా?" అన్నాడు సేల్స్‌మన్.

"పాతవే. వానపడితే గదా కొత్తవి," అన్నాడు పెద్దాయన.

కోడ్ సరిపోయింది. పెద్దాయన హనుమంతరాయుడు, డిపార్ట్‌మెంట్ సౌత్ జోన్ చీఫ్. సేల్స్‌మన్ ఏజెంట్ వీరేష్. వీరేష్ అన్నది అతని అసలు పేరు కాదు. అసలు పేరున్న ఫైలును పదేళ్ల కిందటే కాల్చేశారు. ఆ పేరు ఇప్పుడు ఒకే ఒక్క బుర్రలో ఉంది, ఆ బుర్ర బట్టతల కింద ఉంది.

"మూడు ఫోన్లు, మూడు ప్రాణాలు," అన్నాడు చీఫ్. "పోయినేడు వానల్లో ఇద్దరు, నిన్న నల్లప్ప. స్కార్పియన్ రింగ్‌ను తవ్వింది నలుగురం. మిగిలింది నేనొక్కన్నే."

స్కార్పియన్ రింగ్ అంటే సరిహద్దు అవతల నుంచి నడిచే గూఢచారి ముఠా. వాళ్ల పద్ధతి ఇది: అనంతపురంలో ఉన్న వాళ్ల మనిషి ఒక్క కాల్ చేస్తుంది, లేదా చేస్తాడు. చంపాల్సినవాడు ఎక్కడున్నాడో, ఏ చొక్కా వేసుకున్నాడో చెప్పి పెట్టేస్తారు. కాల్ చేసిన ఫోన్ మళ్లీ కనబడదు. మూడుసార్లూ డిపార్ట్‌మెంట్ ఆ కాల్ వెనకాలపడి వెళ్తే ఒకే గుమ్మం దగ్గర ఆగింది. సుభాష్ రోడ్డులో మారెమ్మ ఎలక్ట్రానిక్స్.

"అమ్మిన ఫోన్‌కు బిల్లుంటాది. బిల్లు మీద ఒక పేరుంటాది," అన్నాడు చీఫ్. "వాళ్లెత్తుకుపోయే డిస్‌ప్లే పీస్‌కు ఎవరుండారు? ట్రయల్ కాల్ చేసుకోమని సిమ్ము కూడా షాపోళ్లే వేసి పెడతారు. అందుకే నిన్ను ఆడ సేల్స్‌మన్‌గా పెడితిని. నిన్న ఆ ఫోన్ పోయేటప్పుడు నువ్వు యాడుంటివి?"

వీరేష్ తల వంచుకున్నాడు. "వాకిట్లో సార్."

"వాకిట్లో ఏం పని?"

"వానొచ్చె గదా సార్. చూస్తాంటి."

చీఫ్ ఒక కాయ ఒలిచాడు. చాలాసేపు ఒలిచాడు.

వీరేష్ కంబదూరు మనిషి, ఈ కరువు జిల్లావాడే. నాలుగు దేశాల్లో పనిచేశాడు, ఒకసారి పద్దెనిమిది గంటలు నీళ్ల ట్యాంకులో నక్కి కూర్చున్నాడు. అట్లాంటివాడు కూడా నిన్న మూడు గంటలకు మట్టివాసన రాగానే కౌంటర్ వదిలేసి నడిచాడు. అతనొక్కడేనా? షోరూం మొత్తం నడిచింది. వానపడితే ఇక్కడ ముందు కరెంటు పోతుంది. కరెంటు పోతే కెమెరాలు పడుకుంటాయి, ఫోన్‌కు కట్టిన స్టీల్ తీగ తెంపినా అలారం మోగదు. జనరేటర్ వేయాల్సినవాడు వీధిలో నిలబడి వాన చూస్తుంటాడు. వాన నాలుగు నిమిషాలు పడి ఆగింది. అందరూ తడి చొక్కాలతో, పెళ్లికి పోయొచ్చినంత సంతోషంగా లోపలికొచ్చారు. మూడో నంబర్ స్టాండ్ మీద తెగిన తీగ మిగిలింది.

"తిట్టల్లనే పిలిపిస్తిని," అన్నాడు చీఫ్ చివరికి. "ఎట్ల తిట్టేది. నేనూ ఆపొద్దు ప్లాట్‌ఫారం కొసన నిలబడుకోనుంటి."

వీరేష్ అప్పుడు తన ప్లాన్ చెప్పాడు. షోరూంలో పనిచేసే ఫోన్లు అయిదు. ఆ అయిదు సిమ్ములను ఫోన్ కంపెనీతో మాట్లాడి హాట్‌లైన్ చేయించాలి. అంటే ఎవరు ఏ నంబర్ నొక్కినా కాల్ ఒక్కచోటికే వెళ్తుంది, వీరేష్ జేబులోని ఫోన్‌కు.

"బాగుండాది. సెక్యూరిటీ మాత్రం ఏమీ పెంచొద్దు. దొంగను రానీ."

"షోరూంలో ఉండే మన జ్యోతికి చెప్పల్లా సార్?"

"ఎవరికీ వద్దు. కుదిరితే నీకూ చెప్పకపోదును." చీఫ్ లేచాడు. "ఈసారి వానొస్తే నువ్వు బయటికి రాగూడదు."

"మీరూ రాగూడదు సార్. ఈ స్టేషన్ రిటైరింగ్ రూంలోనే ఉండల్ల."

"ఉంటాలేప్పా."

జ్యోతి మారెమ్మ ఎలక్ట్రానిక్స్‌లో సెల్‌ఫోన్ కంపెనీ ప్రమోటర్. ఎర్ర టీ షర్టు, నల్ల ప్యాంటు, పెదాలకు అదే ఎరుపు. ఆమె నవ్వితే ధర్మవరం నుంచి పట్టుచీరల షావుకార్లు కూడా వచ్చి అక్కర్లేని ఫోన్ కొనుక్కుని పోయేవాళ్లు. కణేకల్ పిల్లనని చెప్పుకునేది. ప్రమోటర్ ఉద్యోగం పైపై వేషం. ఆమె కూడా డిపార్ట్‌మెంట్ ఏజెంటే, వీరేష్ కంటే ముందే వచ్చింది. రోజూ సాయంత్రం చీఫ్‌కు రిపోర్టు పంపేది.

వీరేష్‌తో మనిషిలాగా మాట్లాడేది కూడా ఆమె ఒక్కతే. పొద్దున బొరుగుల ఉగ్గాని డబ్బా తెచ్చి సగం అతనికి పెట్టేది. ఆ పది నిమిషాల కోసమే అతను పొద్దున లేచేవాడంటే అబద్ధం కాదు. మిగతా రోజంతా వచ్చినవాళ్లకు ఫోన్‌లో రంగులెన్ని, రింగ్‌టోన్లు ఎన్ని అని చెప్పడమే. చీఫ్‌కు కాల్ చేయకూడదు, రూల్. ఊరికి కాల్ చేయకూడదు, రూల్. మిద్దె మీద గది, కింద మెస్సులో అన్నం, ఆదివారమైతే మధ్యాహ్నం దాకా పైకప్పు చూడటం. అతని సొంత ఫోన్ వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ మోగలేదు. మోగుతుందో లేదో చూడాలని కూడా ఎవరూ చేయలేదు. సీక్రెట్ ఏజెంట్ బతుకు గురించి కథలు రాసేవాళ్లు ఆదివారాల సంగతి రాయరు.

వాన సంగతి ఒకసారి జ్యోతిని అడిగాడు. "ఆపొద్దు నువ్వు యాడుంటివి?"

"నీ వెనకాలే. నువ్వు ఆకాశం చూస్తాంటివి, నన్నెక్కడ చూస్తావు," అని నవ్వింది. అతను నమ్మాడు. నమ్మాలనిపించింది, నమ్మాడు.

మేనేజర్ రామాంజనేయులు మాత్రం వాచ్‌మన్ తిప్పన్నను అనుమానించాడు. "తలుపు కాడ నువ్వే గదా ఉండేది. ఇంగొక ఫోన్ పోతే నువ్వూ పో," అని అందరి ముందూ అన్నాడు. తిప్పన్న కర్ర పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. వరసగా మూడు కార్ల పంట ఎండి, సేద్యం పోయి పట్నానికొచ్చినవాడు, ఇట్లాంటి మాటలకు కదిలే మనిషి కాదు.

హాట్‌లైన్ మాత్రం కాలేదు. ఫోన్ కంపెనీవాళ్లు జూన్‌లో రేపన్నారు. జులైలో రేపన్నారు. వీరేష్ రోజూ షట్టర్ తీయగానే డిస్‌ప్లే ఫోన్ తీసుకుని రైల్వే ఎంక్వైరీకి కొట్టేవాడు. హాట్‌లైన్ అయ్యుంటే తన జేబు మోగాలి. మోగేది కాదు. ఎంక్వైరీలో రికార్డు చేసిన ఆడగొంతు మాత్రం ఏ రైలు ఎంత లేటో చెప్పేది. అతను చివరిదాకా వినేవాడు.

ఆగస్టు ఎండిపోయింది. మేఘమథనం విమానం రెండుసార్లు తిరిగిపోయింది. చేన్లలో వేరుశనగ ఊడలు దిగలేక వాడిపోతోందని షాపుకొచ్చినవాళ్లు చెప్పుకున్నారు. జిల్లా మొత్తం వాన కోసం ఎదురుచూస్తుంటే, వాన రాకూడదని దేవుడికి దండం పెట్టుకున్నవాడు ఒక్కడే, వీరేష్. వానొస్తే చీఫ్ ప్రాణం పోతుంది. హాట్‌లైన్ కాకముందు వస్తే కచ్చితంగా పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, మబ్బు పట్టిన రోజు అందరితో పాటు నవ్వేవాడు.

సెప్టెంబర్ తొమ్మిది. పొద్దున ఎంక్వైరీకి కొట్టాడు. ఆడగొంతే పలికింది. కంపెనీవాళ్లకు కొట్టాడు. "ఈరోజు అయిపోతుంది సార్," అన్నారు. రేపు అనే మాట ఈరోజుగా మారడం అదే మొదటిసారి.

రెండున్నరకు పడమర నల్లబడింది. రెండూ నలభైకి మట్టివాసన. కరెంటు పోయింది.

"వానొచ్చె," అన్నాడు తిప్పన్న వాకిలి నుంచి, చాలా మెల్లగా, గట్టిగా అంటే పోతుందేమో అన్నట్టు. మేనేజర్ లేచాడు. కస్టమర్లు లేచారు. బిల్లింగ్ కౌంటర్ లేచింది. జనరేటర్ మనిషి ఎప్పుడో వీధిలో ఉన్నాడు. వీరేష్ కాళ్లు వాటంతటవే రెండడుగులు వేశాయి. పళ్లు బిగబట్టి వెనక్కి తిరిగి, వరసగా నిలబెట్టిన ఫ్రిజ్‌ల వెనక నక్కాడు. బయట రేకుల మీద చినుకుల చప్పుడు. దాన్ని వింటూ కూర్చోవడం నీళ్ల ట్యాంకు కంటే కష్టమైంది.

చీకటి షోరూంలో ఒక్కరే మిగిలారు. వాన వైపు తల కూడా తిప్పకుండా మూడో నంబర్ స్టాండ్ దగ్గరికి నడిచారు. లిప్‌స్టిక్ మూత తీశారు. లోపల సన్నటి కట్టర్. స్టీల్ తీగ టక్కున తెగింది.

ఆ ఎర్ర టీ షర్టు వీరేష్‌కు తెలుసు. ఉగ్గాని గుర్తొచ్చింది. ఏం మనిషినిరా నేను అనుకున్నాడు.

"జ్యోతి," అన్నాడు లేచి.

ఆమె ఎడమచేతిలో ఫోన్ ఉంది. కుడిచేతిలోకి చిన్న పిస్టల్ వచ్చింది. "నువ్వు వాన చూడ్డానికి పోలేదే?"

"నువ్వూ పోలేదు."

"మాది కణేకల్ కదా. కాలువ నీళ్లలో పెరిగినవాళ్లం. వానలో చూసేదేముంది?"

"కణేకల్లో కాలువకు నీళ్లొదిలితే ఊరు ఊరంతా గట్టుమీదికి పోయి చూస్తాది. నువ్వు ఆడ పుట్టలేదు."

ఆమె వేళ్లు నంబర్ నొక్కడం మొదలుపెట్టాయి. కళ్లు మాత్రం అతని మీదే. "మబ్బు పట్టిన ప్రతిరోజూ మావాడు గుత్తి స్టేషన్లో సిద్ధంగా ఉంటాడు వీరేష్. ఏ రూమో, ఏ చొక్కానో చెప్తే చాలు. ఒక్క నిమిషం పని. ఆలోచించుకో. నీ అసలు పేరు ఆ ముసలాయనకు తప్ప ఎవరికీ తెలీదు. ఆయన పోతే నిన్ను వెతికేవాడుండడు. ఎక్కడికైనా పోయి హాయిగా బతకొచ్చు. నాతో రావచ్చు."

ఆ చివరి మాట అబద్ధమని తెలిసినా అతనికి నొప్పి పుట్టింది.

"నన్ను వెతికేవాడు ఆయనొక్కడే జ్యోతి. ఆయనా పోతే నేనొకన్ని ఉండాననే మాటే ఉండదు."

"పాపం," అంది ఆమె. నిజంగానే అంది. పచ్చ బటన్ నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

పిస్టల్‌కూ అతని ఛాతీకీ మధ్య ఆరడుగులు. దూకితే చస్తాడు, చీఫూ చస్తాడు. అతను కదల్లేదు. ఒక సెకను. ఏమీ లేదు. రెండు. బయట వీధిలో ఎవరో పెద్దగా నవ్వారు. మూడు. అయిపోయింది, గుత్తిలో మోగుతుంటుంది అనుకున్నాడు.

అతని జేబు మోగింది.

షోరూంలో చేరిన ఎనిమిది నెలల్లో ఆ ఫోన్‌కు వచ్చిన మొదటి కాల్ అది. రింగ్‌టోన్ ఎట్లా ఉంటుందో అతనికే తెలీదు.

జ్యోతి చెవి దగ్గరి ఫోన్ వైపు చూసింది, అతని జేబు వైపు చూసింది, అర్థమైంది. పిస్టల్ పైకి లేచింది. అప్పుడే వెనక నుంచి కర్ర ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ ఫ్రిజ్ కిందికి జారిపోయింది. వీరేష్ ఒక్క అంగలో ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు.

తిప్పన్న నిలువునా తడిసి ఉన్నాడు. కర్ర నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

"నువ్వెట్లా వస్తివి తిప్పన్నా?"

"అందరూ ఉండారు, నువ్వు లేవు. వీరేషప్ప యాడ పోయినాడని చూస్తిని," అన్నాడు తిప్పన్న. "పాపం, వాన చూడకుండా పోతాడేమోనని పిల్చుకుపోదామని వస్తి."

ఈ పట్నంలో తను లేని సంగతి ఒకరికి తెలిసిందని వీరేష్‌కు అప్పుడు తెలిసింది. జ్యోతి చేతులు స్టీల్ తీగతోనే కట్టి, తిప్పన్నను కాపలా పెట్టి, వాకిట్లోకి పరుగెత్తాడు. వాన నిలిచిపోయింది. రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. అందరూ తడి మొహాలతో లోపలికొస్తున్నారు.

రూల్ పక్కన పెట్టి చీఫ్ నంబర్ కొట్టాడు. హంతకుడు ఇంకా గుత్తిలోనే ఉన్నాడు. రింగ్ పోతోంది, ఎత్తడం లేదు. మళ్లీ కొట్టాడు. పదకొండో రింగ్‌కు ఎత్తారు. అవతల హోరున చప్పుడు.

"సార్, రూంలోనే ఉండారు గదా? జ్యోతి దొరికె. వాళ్ల మనిషి ఆడే స్టేషన్లో ఉండాడు, జాగ్రత్త."

"వాడూ దొరికెలే," అన్నాడు హనుమంతరాయుడు. "ప్లాట్‌ఫారం మీద నా పక్కనే నిలబడుకోనుండె. అందరూ వాన చూస్తాంటే వాడొక్కడు సెల్లు చూసుకుంటాండె. ఈ జిల్లాలో వానపడేటప్పుడు సెల్లు చూసేవాడు మనోడు కాదు గదా. రైల్వే పోలీసులకు చెప్పి పట్టిస్తిని. సంచిలో పిస్టలుండె."

"మీరు ప్లాట్‌ఫారం మీద ఏం చేస్తాండ్రి సార్? రూం దాటనని మాటిస్తిరి గదా."

అవతల చినుకుల చప్పుడు కాసేపు వినబడింది.

"ఏం చేసేదప్పా ఓబిలేసూ," అన్నాడు చీఫ్. "వానొచ్చె గదా."

ఏజెంట్ అసలు పేరును ఫోన్‌లో పలకడం డిపార్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం సస్పెండ్ చేయదగ్గ నేరం. ఆ రోజు సాయంత్రం ఓబిలేష్ పద్నాలుగు పేజీల రిపోర్టు రాశాడు. ఆ ఒక్క సంగతి మాత్రం రాయడం మరిచిపోయాడు.